ఎర్రతేలు వేరు, మండ్రగబ్బ వేరు

గుమ్మఘట్ట మండలంలో ఎండాకాలం పొలం గెనిమ మీద రాయి తిప్పితే కింద ఏదో ఒక ప్రాణి ఉంటుంది. జెర్రి ఉండొచ్చు, చీమల గూడు ఉండొచ్చు, తేలు ఉండొచ్చు. తేలు కనబడగానే చెప్పు తీసేవాళ్లమే అందరమూ. అది ఏ తేలు అని ఒక్క క్షణం ఆగి చూసేవాళ్లు తక్కువ. ఆ ఒక్క క్షణంలో కనబడే తేడా మీద పసిబిడ్డల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది వాన మొహం చూడని సీమ. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. వేదవతి నది మీద భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనే ఉన్నా, నది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. మనిషికి ఇంత కష్టమైన నేల తేలుకు మాత్రం సొంత ఇల్లు. దాని ఒంటి పెంకు మీద మైనపు పూత ఉంటుంది, లోపలి తేమను బయటికి పోనివ్వదు. కడుపు కింద నాలుగు జతల పుస్తక ఊపిరితిత్తులతో, అంటే పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉన్న తిత్తులతో, గాలి పీలుస్తుంది. ఒక బొద్దింకో చిమ్మటో దొరికితే దాని మీద జీర్ణరసం వదిలి, ద్రవంగా మార్చుకుని పీల్చుకుంటుంది. ఆ తర్వాత నెలల తరబడి ఏమీ తినకపోయినా బతుకుతుంది. కరువు ఓర్చుకోవడంలో దీన్ని మించిన రైతు ఈ పీఠభూమిలో లేడు.

మన వైపు ముఖ్యంగా తెలుసుకోవలసినవి రెండు రకాలు. మొదటిది మండ్రగబ్బ. నల్లగా, కాస్త నీలం నిగారింపుతో, అరచేయంత ఉంటుంది. ముందరి డెక్కలు పీత డెక్కల్లా లావుగా, బొడిపెలతో ఉంటాయి. తోక మాత్రం ఒంటితో పోలిస్తే సన్నం. నేలలో బొరియ తవ్వుకుని ఉంటుంది, తొలకరి పడ్డాక బయట తిరుగుతుంది. రెండోది ఎర్రతేలు. సాధారణంగా రెండు మూడు అంగుళాలే ఉంటుంది. డెక్కలు సన్నగా, పొడుగ్గా, చిమటాల్లా ఉంటాయి. తోక లావుగా, గణుపులు గణుపులుగా ఉంటుంది. ఇది బొరియ తవ్వదు. రాళ్ల సందులు, చెట్టు బెరడు, పిడకల గుట్ట, శెనక్కట్టె వామి, మట్టిమిద్దె గోడ పగుళ్లు దీని నివాసాలు. అందుకే ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా ఇదే.

రంగును నమ్మకండి. ఎర్రతేలు అంటామే గానీ అది నారింజ రంగులోనూ ఉంటుంది, మాసిన ఇటుక రంగులోనూ ఉంటుంది, బూడిద కలిసిన గోధుమ రంగులోనూ ఉంటుంది. నమ్మదగిన గుర్తు డెక్కలకూ తోకకూ ఉన్న నిష్పత్తి. లావు డెక్కలున్న తేలు పురుగును నలిపి చంపగలదు, దానికి విషంతో పని తక్కువ. సన్నడెక్కల తేలుకు ఆ బలం లేదు, విషమే దాని ఆయుధం. అందుకే దాని తోక బలిసింది. తేళ్లన్నిటికీ ఇది అచ్చంగా వర్తించే నియమం కాదు గానీ, మన నేల మీది ఈ రెండింటికీ సరిగ్గా సరిపోతుంది.

శాస్త్రజ్ఞులు వీటిని రెండు వేరు కుటుంబాల్లో పెట్టారు. ఎర్రతేలు బూతిడే కుటుంబం, మండ్రగబ్బ స్కార్పియోనిడే కుటుంబం. తేలును వెల్లకిలా తిప్పి, కాళ్ల మొదళ్ల మధ్య ఉండే చిన్న పలకను చూడాలి. బూతిడే వాటికి అది త్రికోణం, స్కార్పియోనిడే వాటికి పంచకోణం. కడుపులో పిల్లలు పెరిగే తీరు కూడా వేరు. తేళ్లేవీ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఎర్రతేలు పిండం గుడ్డులోని సొన తిని పెరుగుతుంది. మండ్రగబ్బ పిండం మాత్రం తల్లి కడుపులోనే ఒక చిన్న గొట్టాన్ని నోట పట్టుకుని దాని గుండా ఆహారం తీసుకుంటుంది. ఎనిమిది కాళ్ల ప్రాణిలో ఇలాంటి తల్లిపాల వంటి ఏర్పాటు ఉందని తెలిసినప్పటి నుంచి మండ్రగబ్బ మీద చెప్పు ఎత్తాలంటే నాకు చేయి రాదు. పుట్టిన పిల్లలు తెల్లగా, మెత్తగా, బియ్యపు గింజల్లా తల్లి వీపెక్కి, మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే గుంపుగా ఉంటాయి.

ఇక పేర్ల సంగతి. ఎర్రతేలును 1798లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిసియస్ లోకానికి పరిచయం చేశాడు. తమిళదేశాన్ని గుర్తుచేసే ‘తమ్యులస్’ అనే జాతి పేరు ఆయన పెట్టిందే. ప్రజాతి పేరు మాత్రం మారుతూ వచ్చింది. చాలాకాలం బూతస్ తమ్యులస్, తర్వాత మీసోబూతస్ తమ్యులస్. 2007లో చెక్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంటిషెక్ కొవారిక్ హాటెన్‌టాటా ప్రజాతిని సవరించినప్పటి నుంచి హాటెన్‌టాటా తమ్యులస్. వైద్య పత్రికల్లో మూడు పేర్లూ కనబడతాయి. మూడూ ఒకే తేలు అని తెలియకపోతే పాత పరిశోధన మనకు అందకుండా పోతుంది.

మండ్రగబ్బలాంటి నల్లతేళ్లకూ ఇదే జరిగింది. వీటిని హెటెరోమెట్రస్ అనే ఒకే ప్రజాతి కింద చదువుకున్నాం. 2020లో శాస్త్రజ్ఞులు లొరెంజో ప్రెండినీ, స్టెఫనీ లోరియా ఈ ఆసియా అడవితేళ్లన్నిటినీ తిరగేసి ఏడు ప్రజాతులుగా విడగొట్టారు. దాంతో భారీ తేలు స్వామర్‌డామీ ఇప్పుడు జైగాంటోమెట్రస్ అయింది. దక్కన్ పేరుతో డెక్కనోమెట్రస్ అనే ప్రజాతే వెలిసింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1960ల నాడు కె. పంపాపతిరావు శిష్యబృందం ప్రయోగాలు చేసిన ఫుల్విపెస్ అనే నల్లతేలు కూడా పేరు మార్చుకుంది. పొద్దుగూకాక తేలు నాడుల్లో చురుకు పెరుగుతుందని చూపిన పనుల్లో అలా తెలుగునేల వాటా ఉంది. చీకట్లో వామి దగ్గరికి పోవద్దని పెద్దలు చెప్పిన మాటకు ఇది ప్రయోగశాల సాక్ష్యం.

చీకట్లో తేలును చూడడానికి మంచి దారి ఒకటుంది. దొంగనోట్లు పట్టే అతినీలలోహిత టార్చి వేస్తే తేలు పచ్చటి నీలంగా వెలుగుతుంది. దాని పెంకులోని రసాయనాల గుణం అది. అప్పుడే కుబుసం విడిచిన మెత్తటి తేలు మాత్రం సరిగా వెలగదు. పిల్లలు పడుకునే చోట ఓసారి ఈ టార్చి తిప్పితే గోడ పగుళ్లు చెప్పని నిజం తెలుస్తుంది.

ఎర్రతేలు విషం నాడుల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు, పొటాషియం ద్వారాలను అడ్డుకుంటుంది. నాడులు ఆగకుండా మోగుతాయి, ఒంట్లో అడ్రినలిన్ వరదలా పొంగుతుంది. రక్తనాళాలు బిగుసుకుపోయి, గుండె అలిసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చావు ఇలా వస్తుంది. ఈ విషంలోని ఒక పదార్థాన్ని 1990లో ఐబీరియోటాక్సిన్ పేరుతో వేరుచేశారు. పొటాషియం ద్వారాలను పరిశీలించడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఇప్పటికీ దాన్ని వాడుతున్నాయి.

దీనికి విరుగుడు దారి చూపింది పెద్ద నగరపు ఆసుపత్రి కాదు. మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో 1976లో బీర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్ర బిగుసుకున్న నాళాలను సడలిస్తుందని ఆయన తేలు కేసుల్లో చూపించారు. మునుపు విషం తీవ్రంగా ఎక్కినవాళ్లలో పాతికా ముప్పై శాతం దాకా చనిపోయేవారు. ప్రాజోసిన్ వచ్చాక అది బాగా తగ్గింది. 2011లో ప్రచురితమైన ఆయన పరీక్షలో 70 మంది రోగుల్ని రెండు జట్లు చేశారు. ప్రాజోసిన్‌తో పాటు తేలు విరుగుడు సూది కూడా వేసిన 35 మందిలో 32 మంది పది గంటల్లో తేరుకున్నారు. మాత్ర ఒక్కటే ఇచ్చిన 35 మందిలో తేరుకున్నది 8 మందే. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇప్పుడు మంత్రం మాట. మండ్రగబ్బ కుడితే మంట పుడుతుంది, వాస్తుంది, కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గేవేళకు పక్కన మంత్రం వేసినాయన కూర్చునుంటే పేరు ఆయనకు వస్తుంది. అదే నమ్మకంతో ఎర్రతేలు కుట్టిన బిడ్డనూ ఆయన దగ్గరే కూర్చోబెడతారు. కర్నూలు జిల్లా కొడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం భక్తులు కొండ మీద రాళ్ల కింది తేళ్లను పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. వాళ్ల భక్తిని నేను గౌరవిస్తాను. కాకపోతే రాళ్ల కింద ఎర్రతేలు కూడా కాపురముంటుందని పిల్లల చేతులు పట్టుకుని వచ్చేవాళ్లకు చెప్పాలి.

ఇంకొక మాట గుర్తుంచుకోండి. కుట్టినచోట నొప్పి ఎంత ఉందనేది ప్రమాదానికి కొలత కాదు. పెద్దగా నొప్పి లేకపోయినా బిడ్డకు చెమటలు కారడం, వాంతులు కావడం, కాళ్లూ చేతులూ చల్లబడడం, నోట చొంగ కారడం, మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం కనబడితే విషం గుండె దాకా పోతున్నట్టే. పసరు వద్దు, కోయడం వద్దు, కట్టు బిగించడం వద్దు. వీలైతే తేలును దూరం నుంచి ఫోన్లో ఒక ఫొటో తీసి, బిడ్డను ఎత్తుకుని దగ్గరి ఆరోగ్య కేంద్రానికి, అక్కణ్నుంచి రాయదుర్గం ఆసుపత్రికి పోండి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ప్రాజోసిన్ మాత్రలు, తేలు విరుగుడు సూదులు ఉన్నాయో లేవో వామి వేసే కాలానికి ముందే ఒకసారి అడగండి. లేకపోతే తెప్పించమని గ్రామసభలో పట్టుబట్టండి.