వాగుకు ఇవతలి ఊరు

తొలకరి పడకముందే భద్రాచలం అడవుల్లోని కోయగూడేల్లో ఒక పని ముమ్మరమవుతుంది. కట్టెలు తడవకుండా చూరు కిందికి చేర్చాలి. మేము వెళ్ళేసరికి ఆడవాళ్ళూ పిల్లలూ మోపులు మోస్తున్నారు. "ఇప్పుడు ఒక మోపు తెస్తే ముసురులో రెండు పూటలు పొయ్యి వెలుగుతుందయ్యా" అన్నది ఒక అవ్వ.

పట్నంలో ఉండే మనకు వాన అంటే చల్లదనం. ఇక్కడ మొదటి పెద్దవానతోనే దారి తెగిపోతుంది. మేమున్న గూడేనికీ తారురోడ్డుకూ మధ్య వాగు ఉంది, వంతెన లేదు. వేసవిలో పాదం తడవని ఆ వాగు ఒక్క రాత్రి గట్టిగా కురిస్తే నడుము దాటి పారుతుంది. అందుకే ఉప్పు, మిరపకాయలు, అగ్గిపెట్టెలు ముందే సంతలో కొని దాచుకుంటారు.

తెల్లవారకముందే జావ తాగి, గోనెసంచిని కొప్పెరగా మడిచి తలకు తగిలించుకొని పొలానికి పోతారు. కొత్తపంట ఇంటికి వచ్చేదాకా గింజలు పొదుపుగా వాడాలి. ఆ లోటును అడవి కొంత తీరుస్తుంది. పుట్టగొడుగులు, ఆకుకూరలు, లేత వెదురు కొమ్ములు దొరుకుతాయి. కొమ్ములను సన్నగా తరిగి, ఉడికించి, చేదునీళ్ళు వంచేసి కూర వండుతారు. మొదటి ముద్దకు మేము మొహం చిట్లించిన మాట నిజమే. రెండోసారి మాత్రం అడిగి వడ్డించుకున్నాము!

అడవి వానకంటే గోదావరికే ఇక్కడివారు ఎక్కువ భయపడతారు. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. పెద్దనది నిండుగా ఉన్నప్పుడు వాగుల నీరు అందులోకి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరిదీ అదే పరిస్థితి. ఊళ్ళో చినుకు లేకపోయినా పొలం మునిగేది అందుకే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ముసలివారు మళ్ళీ ఆ 86వ సంవత్సరాన్నే తలచుకున్నారు.

జ్వరాలు కూడా ఈ కాలంలోనే వస్తాయి. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకు సోకితే ప్రాణం గంటల్లో మీదికి వస్తుంది. దోమతెర కట్టుకోవడం, జ్వరం తగలగానే రక్తపు చుక్క పరీక్ష చేయించుకోవడం ఎంత ముఖ్యమో ఇప్పుడు చాలామందికి తెలుసు. కాని పరీక్ష చేసే మనిషి వాగుకు అవతల ఉంటే?

మేమున్న ఇంట్లో కోడలికి నెలలు నిండుతున్నాయి. ముందుగానే భద్రాచలంలో చుట్టాలింటికి చేరమని ఆశా కార్యకర్త రెండుసార్లు చెప్పి వెళ్ళింది. "నాట్లు అయ్యాక పోతాంలే" అన్నది అత్త. ఆ రాత్రంతా ఏకధారగా కురిసింది. వాగు హోరు ఇంట్లోకి వినిపిస్తుంటే ఎవరికీ నిద్ర పట్టలేదు. అత్త మాత్రం మాటామంతీ లేకుండా పొయ్యి దగ్గరే కూర్చుంది.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. నీరు మోకాలిదాకా తగ్గేవరకు ఆగి, మంచాన్ని తలకిందులు చేసి, తాళ్ళు కట్టి కావడిలా చేశారు. నలుగురు మగవాళ్ళు ఎత్తుకున్నారు. ముందు ఒకడు కర్రతో లోతు చూసుకుంటూ నడిచాడు. అత్త బట్టల మూట నెత్తిన పెట్టుకొని వెనకాలే వాగులోకి దిగింది.

"మరి నాట్లో?" అని ఒడ్డున ఎవరో అడిగారు.

"మీరున్నారుగా!" అన్నది ఆమె, వెనక్కి తిరగకుండానే. మర్నాడు ఆ మడిలో గూడెమంతా దిగింది. మాకూ ఒక కట్ట నారు చేతికిచ్చారు. మేము నాటిన వరస వంకరపోయిందని పిల్లలు చాలాసేపు నవ్వారు.