వీణను బండి కెక్కించునప్పుడు

ఇంట వీణగాని, తంబురగాని, పిల్లల గిటారుగాని యున్నవారు ఎన్నడో యొకనాడు దానిని పరుల చేతికిచ్చి దూరప్రదేశమునకు పంపక తప్పదు. బాగుచేయించుటకో, కూతురి అత్తవారింటికో, పట్టణమున చదువుకొను కుమారునికో పంపవలసివచ్చును. ఆనాటి చిన్న యజాగ్రత్త యెంత దుఃఖమును తెచ్చునో మేము స్వానుభవముచేత తెలిసికొంటిమి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తల్లిగారి వీణ బొబ్బిలిది. విజయనగరము జిల్లాలో బొబ్బిలికి సమీపమున గొల్లపల్లి యను గ్రామము కలదు. అచట సర్వసిద్ధివారు తరతరములుగా వీణలు చేయుచున్నారు. ఒక్క పనసమానును తొలిచి, కుండయు దండియు అతుకు లేకుండ ఏకఖండముగా తీర్చుట వారి ప్రజ్ఞ. దానినే ఏకాండి వీణ యందురు. బహుమానముగా నిచ్చు చిట్టి బొబ్బిలి వీణలను మీలో పలువురు అద్దాల బీరువాలలో చూచియే యుందురు. మేము చెప్పునది వాయించు వీణ. ఇరువదినాలుగు మెట్లు, ఏడు తంత్రులు గలది. మా తల్లిగారు పెండ్లినాటినుండి దానిని విడువలేదు. కాలక్రమమున మెట్లను పట్టియుంచు మైనము ఎండి బీటలువారెను. మరల మేళము కట్టింపవలెనని దానిని గొల్లపల్లికి పంపితిమి.

పోవునప్పుడు క్షేమముగనే పోయినది. తిరిగి వచ్చునది వైశాఖమాసమున. బొబ్బిలినుండి హిందూపురమునకు ఇంచుమించు వేయి కిలోమీటర్లు. నడుమ ఎన్ని గిడ్డంగులు, ఎన్ని లారీలు మారెనో మాకు తెలియదు. మావారు బడి విడిచినపిదప హిందూపురము వెళ్లి, చీకటిపడు వేళకు రసీదుపై సంతకముచేసి, పెట్టెను ఆటోలో పరిగికి తెచ్చిరి. మూత తీయగనే మైనపు వాసన గుప్పుమనెను. మెట్లు కొన్ని కరగిన మైనములో ఒరిగియున్నవి. దండి చివర, యాళిముఖము మొదలగు తావున, వెండ్రుకవలె సన్నని బీట యొకటి అడ్డముగా పోయినది. తల్లిగారు వ్రేలితో దానిని తడిమి, "అమ్మాయీ, మెడ విరిగినట్టుందే" అని మాత్రమనిరి. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు.

మరునాడు మావారు వెళ్లి అడుగగా ఆ రవాణావారు, "సరుకు బాగా ముట్టిందని సంతకం పెట్టినారు కదా అయ్యవారూ" అని రసీదు చూపిరి. ఆ మాటతో మా ఫిర్యాదు ముగిసినది.

వారిని నిందించుట సులభము. పెట్టెను విసరివేసిన చేతులు వారివే. కాని దినమున వందల మూటలు దింపు కూలివానికి ఒక్కొక్కదానిలో నేమున్నదో విచారించు తీరిక యెక్కడిది? సరస్వతీదేవి కచ్ఛపిని, నారదుడు మహతిని తమ చేతులలోనే యుంచుకొనిరిగాని సరుకులబండి కెక్కించినట్లు ఏ పురాణమునను మేము చదువలేదు. మనమట్లు చేయలేము. కావున పెట్టె పడునని నిశ్చయించుకొనియే దానిని కట్టవలెను. మేమట్లు కట్టించుకొనమి మా తప్పు.

విరుగుట యెట్లు జరుగునో తెలిసిన జాగ్రత్త దానంతట వచ్చును. పెట్టె నిలువుగా పడినప్పుడు బరువైన కుండ ఒకచోట ఆగిపోవును. ఆధారములేని కొన ముందునకు తూగి, సన్నని మెడవద్ద దెబ్బ తగులును. గిటారునకును ఇదే గతి. బిరడలుండు తల, మెడ కలియుచోటనే అది తరచుగ విరుగును. అందుచేత పెట్టెలో కుండచుట్టు ఎంత మెత్త పెట్టినను చాలదు. దండిక్రింద పొడవునను, యాళి వెనుకను ముందును స్పాంజిగాని, గట్టిగా చుట్టిన పాత నూలుచీరెగాని దూర్చి, కొన అంగుళమైనను కదలకుండ చేయవలెను. సొరకాయబుర్రను మర విప్పి వేరుగా కట్టవలెను. తంత్రులను పూర్తిగా తీయక, బిగువు తగ్గునంత సడలించి, తంత్రులను మోయు గుఱ్ఱముక్రింద మెత్తని గుడ్డ పెట్టవలెను. మెట్లకును తంత్రులకును నడుమ గుడ్డపేలిక పరచినచో రాపిడి యుండదు. పిమ్మట మూతవేసి, ఇద్దరు పట్టి ఊపిచూడవలెను. లోపల చప్పుడైన మరల విప్పవలసినదే.

ఈ సంగతి మా ప్రాంతపు స్త్రీలకు క్రొత్త కాదు. పట్టుపురుగులు పెంచు ఇండ్లలో గూళ్లను హిందూపురము అంగడికి పంపునప్పుడు ఎంత భయభక్తులతో పంపుదురో చూచితిమి. అదిమి కుక్కరు; ఎండ ముదురక మునుపే బయలుదేరుదురు. లోని పురుగు నలిగెనా, గూడు మరకపడి ధర పోవును. గూటికి తెలిసిన మర్యాద వీణకు మాకు తోచకపోవుట చిత్రము! మైనము ఎండకు మెత్తబడునని ఎరిగియు మేము వైశాఖమున తెప్పించుకొంటిమి. కార్తికమునుండి మాఘమువరకు మంచికాలము.

వెలిపెట్టెకు పలుచని చెక్క మేలు. దానికి రెండుకొనల త్రాటిపిడులు బిగించినచో ఇద్దరు పట్టి మోయబుద్ధి పుట్టును. పిడులు లేని పెట్టెను ఒకడెత్తి విసరును. పైన ఇంగ్లీషున "జాగ్రత్త" యని వ్రాసి తృప్తిపడరాదు. దారిలో తెలుగువారు, కన్నడమువారు, చదువురానివారు ఎందరి చేతులో మారును. పైకి చూపు బాణములు, పగిలిన గాజుగ్లాసు, గొడుగు బొమ్మలు ఎల్లదేశములవారును గుర్తించునవి. వానిని నాలుగువైపుల పెద్దవిగా వేయింపుడు.

ఇక కాగితముల మాట. స్త్రీలమగు మనము దీనిని పురుషులకు విడిచిపెట్టుదుము, విడువరాదు. లారీమీద పంపు సరుకునకు 2007వ సంవత్సరపు రోడ్డు రవాణా చట్టము వర్తించును. పంపునప్పుడు విలువ వ్రాయించి, దానికి తగిన హెచ్చు రుసుము చెల్లింపనిచో, నష్టపరిహారము సామాన్యముగా కిరాయికి పదిరెట్లు మించదు. ఏడువందల కిరాయికి ఏడువేలు! వీణ వెల యెంతయైనను అంతే. నష్టమును గూర్చి వ్రాతమూలకమైన నోటీసు, సరుకును పంపుటకై బుక్ చేసిన నాటినుండి 180 దినములలోపల ఇచ్చితీరవలెను. రైలు పార్సిలునకు 1989వ సంవత్సరపు రైల్వే చట్టము ప్రకారము ఆ గడువు ఆరునెలలు. అందును విలువ చెప్పనిచో తూకమునుబట్టియే పరిహారము. పెట్టె దెబ్బతిని వచ్చినచో దానిని అక్కడనే విప్పి చూపించి అప్పగింపుమని అడుగు హక్కు రైలు పార్సిలు తీసికొనువారికి కలదు. రవాణావారు పలుకకున్న, 2019వ సంవత్సరపు చట్టముక్రింద తమరున్న జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును; 1915 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

ఆలస్యము ఎంత కీడో విదేశపు కథ యొకటి చెప్పుచున్నది. 2008లో కెనడా గాయకుడు డేవ్ కారల్ విమానములో పోవుచుండగా, చికాగోలో కూలీలు ఆయన టేలర్ గిటారును విసరివేసిరి. యునైటెడ్ విమానసంస్థవారు, ఇరువదినాలుగు గంటలలో ఫిర్యాదు రాలేదని పరిహారము నిరాకరించిరి. తొమ్మిది మాసములు తిరిగి విసిగి ఆయన పాట కట్టి 2009 జూలైలో వెలువరించగా లోకమంతయు వినెను. అందరికిని పాట కట్టు నేర్పు ఉండదు గదా! మనకు తొలిదినపు ఫోటోలును రసీదుపై వ్రాతయుమే దిక్కు.

విరిగిన వీణ మరల గొల్లపల్లికే పోయినది. పనివారు బీటను అతికి, మేళము క్రొత్తగా కట్టిరి. ఈసారి పెట్టె మేమే హిందూపురము వడ్రంగిచేత చేయించి పంపితిమి. కట్టు ప్రతిదశను సెల్‌ఫోనులో ఫోటో తీయుడని పనివారిని వేడితిమి. పుష్యమాసమున తిరిగి వచ్చినది. మావారితో మేమును గిడ్డంగికి పోయితిమి. మరచీల తీయు సాధనము మా చేతిసంచిలోనే యున్నది. గుమాస్తా, "ఇంటికి పోయి విప్పుకోండమ్మా, వెనక జనముండారు" అనెను. విప్పి చూచినగాని సంతకము లేదంటిమి. సణుగుచునే ఒకరిని సాయమిచ్చెను. తలదిండువలె అమర్చిన స్పాంజిలో వీణ నిద్రించుచున్నట్లుండెను. ఒక బిరడ మాత్రము వదులైనది. రసీదుపై ఆ మాటయు వ్రాసియే సంతకముచేసితిమి.

తల్లిగారు తంత్రులు సవరించుకొని ఒక ఘడియ వాయించిరి. మంద్రమున మునుపటి నిండుదనము లేదనిరి. మా చెవికి తెలియలేదు. ఆమె చెవికి తెలిసినది. ఇప్పుడు సాయంకాలములందు మధ్యస్థాయిలోనే యెక్కువగా వాయించుచున్నారు.

ఆ పెట్టె మాయింట నెల దినములైనను నిలువలేదు. ఎదురింటివారి అబ్బాయి బెంగుళూరున చదువుచున్నాడు. వాని గిటారు పంపవలెనని అడిగి తీసికొనిపోయిరి. చీరెలు రెండు అదనముగా చుట్టి యిచ్చితిమి. పెట్టె యింకను తిరిగి రాలేదు.