వేదిక మీద చప్పట్లు... వీధిలో ఎగతాళి!

ఒకే సినిమా తార. అందరికీ అభిమాన నటి. కొందరికి మాత్రం బతకడానికి ఓ ఆసరా. 'గే ఐకాన్' అనే మాటకి అర్థం వెతుక్కుంటూ ఉయ్యూరులో బయల్దేరితే... దారి కూచిపూడి మీదుగా వెళ్ళింది.

ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. వెనకాల ఎవరున్నారో కనిపించదు. ముందుగా కనిపించేది జడ! పూలూ కుప్పెలతో బరువుగా ఉన్న ఆ జడ తెర మీదుగా ఇవతలికొచ్చి పడుతుంది. 'నన్ను గెలవగలిగేవాళ్ళుంటే రండి, ఈ జడ కోసిస్తా' అని సవాలు విసరడమన్నమాట. భామాకలాపంలో సత్యభామ రాక అలా ఉంటుంది. తెర తొలగుతుంది. ఆ నడక, ఆ చూపు, ఆ అలక చూసి ముందువరసలో కూర్చున్న ఆడవాళ్ళే ముచ్చటపడిపోతారు.

తీరా చూస్తే ఆ భామ... మగవాడు!

వేదాంతం సత్యనారాయణశర్మ. 1935లో కూచిపూడిలో పుట్టారు. సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆయన వేసిన ఆడవేషాలు దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. 2012లో కన్నుమూసేదాకా 'ఆడవేషం' అనగానే కృష్ణాజిల్లాలో ఠక్కున గుర్తొచ్చే పేరు ఆయనదే. కూచిపూడిలో పుట్టిన మగపిల్లాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. అంటే అక్కడ ఆడవేషం కట్టడం నామోషీ కాదు. గౌరవం!

చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని ఆ వేషం చూసిన పిల్లాడొకరు ఇప్పుడు ఉయ్యూరులో మందుల షాపులో పనిచేస్తున్నారు. నలభయ్యో పడిలో ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకపోవడానికి కారణం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పేరు రాయనని మాటిచ్చాకే నోరు విప్పారు.

'ఊరంతా చప్పట్లు కొట్టారండీ ఆ నడకకి. నా నడకా కాస్త అలాగే ఉంటుంది. దానికేమో స్కూల్లో రాళ్ళు పడ్డాయి. అదీ ఇదీ ఒకే నడక కదా... అక్కడ పద్మశ్రీ అయింది ఇక్కడ తప్పెలా అయిందో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ కాలేదు.'

ఇక్కడ ఒక్కమాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆడవేషం కట్టినవాళ్ళంతా గేలు కారు. అది నటన, విద్య. గేలంతా ఆడవాళ్ళలా నడుస్తారనుకోవడమూ పొరపాటే. గే అంటే సాటి మగవాడి మీదే ప్రేమ కలిగే మగవాడు, అంతే. మరి ఈ రెండిటికీ సంబంధం ఏమిటంటారా? అక్కడే 'ఐకాన్' అనే మాట వస్తుంది.

డొరొతీకి స్నేహితులు

గే ఐకాన్ కావాలంటే ఆ వ్యక్తి గే అయి ఉండక్కర్లేదు. నిజానికి ఆ జాబితాలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అందరికంటే ముందు చెప్పేది హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లండ్ పేరు. 1939లో వచ్చిన 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్'లో ఆమె డొరొతీ అనే పల్లెటూరి పిల్ల. రంగుల్లేని ఊళ్ళోంచి సుడిగాలి ఆమెను ఎత్తుకెళ్ళి రంగుల లోకంలో పడేస్తుంది. అక్కడ ఆమెకు దొరికే నేస్తాలు కూడా వింతవాళ్ళే. మెదడు లేదని బాధపడే గడ్డిబొమ్మ, గుండె లేని రేకుమనిషి, ధైర్యం లేని సింహం! వాళ్ళని ఆ పిల్ల ఉన్నవాళ్ళని ఉన్నట్టే కలుపుకుపోతుంది. తమ సంగతి బయటపడితే ఉద్యోగం పోయే, జైలు పాలయ్యే ఆ రోజుల్లో అమెరికాలోని గేలకు అది తమ కథే అనిపించింది. 'ఫలానా ఆయన డొరొతీకి స్నేహితుడు' అనేది వాళ్ళలో వాళ్ళకి మాత్రమే తెలిసే గుర్తుమాటగా మారింది. నిజజీవితంలో జూడీ పడిన కష్టాలూ, పడ్డ ప్రతిసారీ లేచి మళ్ళీ పాడటమూ ఆ అనుబంధాన్ని ఇంకా పెంచాయి. 1969లో 47 ఏళ్ళకే ఆమె చనిపోయింది.

ఇంద్రజ ఉంగరం

మన దగ్గర అలాంటి స్థానం ఎవరిదంటే... శ్రీదేవిది! 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో ఆమె మరణించినప్పుడు దేశంలోని గేలు తమ మనిషే పోయినట్టు కుమిలిపోయారు. 'మిస్టర్ ఇండియా' (1987)లో ఆమె 'హవా హవాయీ' పాటకి ఆడవేషాల ప్రదర్శనల్లో ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు.

కృష్ణా తీరంవాళ్ళకి శ్రీదేవి అంటే ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1990 మే 9. దివిసీమను తుపాను ముంచెత్తిన రోజు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైందీ ఆరోజే! హోరువానలోనూ జనం థియేటర్ల ముందు బారులు తీరారు.

మందుల షాపాయన ఆ సినిమా చూసింది చాన్నాళ్ళ తర్వాత, టీవీలో. ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. చిరంజీవి కోసం కాదు, ఇంద్రజ కోసం. 'ఆమెది వేరే లోకం. ఉంగరం పోయి ఇక్కడ చిక్కుకుపోయింది. తనెవరో పైకి చెప్పలేదు. అందరితోపాటూ తిని, అందరితోపాటూ నవ్వాలి. నేను మా ఇంట్లో చేసేది అదేనండీ' అన్నారు.

ఐకాన్ ఎలా పుడుతుందో తెలియడానికి ఆ ఒక్కమాట చాలు. శ్రీదేవి గేల కోసమని ఇంద్రజ వేషం వేయలేదు. మనమంతా కామెడీ చూసి నవ్వుకున్న చోట ఓ కుర్రాడికి తన గుట్టు కనిపించింది. తారని ఐకాన్ చేసేది తార కాదు. దాచుకోవాల్సినదేదో గుండెల్లో ఉన్న ప్రేక్షకుడే!

అయితే ఒక్కోసారి తారలూ ఓ అడుగు ముందుకేస్తారు. 2012లో వచ్చిన 'ఇంగ్లిష్ వింగ్లిష్' తెలుగులోనూ విడుదలైంది. అందులో శ్రీదేవికి పాఠాలు చెప్పే మాస్టారు గే. ఆయన ప్రేమ విఫలమైందని తోటి విద్యార్థులు నవ్వుకుంటుంటే ఆమె ఊరుకోదు. 'మన కంటికి ఆయన వేరుగా ఉండొచ్చు, ఆయన కంటికి మనమూ అంతే, బాధ మాత్రం ఎవరికైనా బాధే' అనే అర్థం వచ్చేలా చెబుతుంది. చెప్పింది ఎవరు? చీర కట్టుకుని లడ్డూలు చేసే ఇల్లాలు. అందుకే ఆ మాట నేరుగా మన వంటగదిలోకే వచ్చింది.

ఇంటిపేరే తిట్టయింది

దీనికి పూర్తి విరుద్ధమైన కథ కూడా మన సినిమాల్లోనే ఉంది. మాడా వెంకటేశ్వరరావు మంచి నటుడు. 'చిల్లరకొట్టు చిట్టెమ్మ' (1977)తో మొదలుపెట్టి ఆడంగితనం ఉన్న పాత్రలతో జనాన్ని తెగ నవ్వించారు. చివరికి ఆయన ఇంటిపేరే ఓ తిట్టయిపోయింది. 2015లో ఆయన పోయారు. తిట్టు మాత్రం పోలేదు. తప్పు ఆయనది కాదు. ఆ పేరు పట్టుకుని పక్క బెంచీ పిల్లాణ్ని ఏడిపించిన మనందరిదీ! మందుల షాపాయన్ని స్కూల్లో పిలిచిందీ ఆ పేరుతోనే. పదో తరగతి అయ్యేదాకా అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువట.

ఒకే వయ్యారం... వేదిక మీద కళ, సినిమాలో కామెడీ, వీధిలో ఎగతాళి. ఐకాన్ల అవసరం పుట్టేది ఆ వీధిలోనే.

కేసు వేసిందీ నర్తకుడే

చట్టం మారింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి దగ్గరైతే నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసుకు ముందున్న పేరు నవతేజ్ సింగ్ జోహార్. ఆయన ఎవరో తెలుసా? కళాక్షేత్రలో నేర్చుకున్న భరతనాట్య కళాకారుడు! ఆ తర్వాత స్వలింగ వివాహాలను గుర్తించాలంటూ హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్ జంటతోపాటు మరికొందరు కోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. అది చట్టసభలు తేల్చాలంది.

ఇప్పుడు ఐకాన్లంటే తారలొక్కరే కాదు. పేరూ ముఖమూ దాచుకోకుండా కోర్టు మెట్లెక్కిన ఇలాంటివాళ్ళు కూడా. అయినా ఉయ్యూరులాంటి ఊళ్ళో కోర్టు తీర్పు కంటే పెద్దది అమ్మ తీర్పు!

ఆ సంగతే అడిగితే మందుల షాపాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఓ ఆదివారం మధ్యాహ్నం టీవీలో 'ఇంగ్లిష్ వింగ్లిష్' వస్తోంది. అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ చూస్తోంది. మాస్టారి గురించి శ్రీదేవి మాట్లాడే చోటు రాగానే ఈయనకి గుండెదడ మొదలైంది. రిమోట్ అమ్మ పక్కనే ఉంది.

'అమ్మ ఏమీ అనలేదండీ. చిక్కుళ్ళు ఒలవడం ఆపి ఆ సీనంతా చూసింది. ఛానల్ మార్చలేదు.'

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మొహంలో మాత్రం నవ్వు.

'ప్రస్తుతానికి నాకది చాలు.'