చుక్కలేస్తమంటే మర్లి రాకుర్రి

మా బాపుకు ఎడమ కంట్ల నరం దెబ్బతిన్నదని మొన్న ఆర్మూర్‌ల ఎరుకైంది. పసుపు అమ్ముడువోయినంక అద్దాలు మార్పిద్దామని కంటి దవాఖానకు తోల్కపోయిన. రెండేండ్ల కింద గూడ ఆయిన పోయిండు. ‘చుక్కలేస్తం, జెరసేపు కూసోవాలె’ అన్నరట. ‘కండ్లు మసకైతే బండెట్ల నడపాలె, కల్లంల పసుపు కాడ ఎవరున్నరు’ అని అద్దాల చిట్టీ పట్టుకొని మర్లొచ్చిండు. ఆయిననేం అంటం? ఆ చుక్కలు ఎందుకో డిగ్రీ సదివిన నాకే తెల్వదు.

కంటి ఎన్క ఒక నరం ఉంటది. పది లక్షలకు పైన సన్నటి పోగులు కట్ట గట్టినట్టుంటది. మనం చూసేది మెదడుకు మోసేది అదే. దాని మొదలు చూడాలంటే కంటిపాపల నుంచే చూడాలె. లైటు కొట్టంగనే పాప ముడుసుకుంటది, తలుపు సందుల నుంచి ఇల్లంత చూసినట్టే అయితది. ట్రోపికమైడ్ అసోంటి చుక్కలు పాపను ముడిసే కండను కొద్దిసేపు సడలిస్తయ్. 20, 30 నిమిషాలల్ల పాప పెద్దగైతది. అప్పుడు నరం మొదలు సాఫ్‌గ కనవడ్తది: గులాబి రంగు అంచు, నడుమ చిన్న గుంట. గ్లాకోమా, అదే నీటికాసుల రోగం ఉంటే, పోగులు సచ్చినకొద్దీ అంచు సన్నగైతది, గుంట పెద్దగైతది.

‘ప్రెషర్ చూసిన్రు గదా, సాలదా?’ అని నేనూ అడిగిన. సాలదు. హైదరాబాద్‌ల ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు చేసిన సర్వే 2000ల అచ్చయింది. ఎక్కువ కనవడే రకం గ్లాకోమా పక్కాగ ఉన్నోళ్లు 27 మంది తేలిన్రు. ముందుగాల తెలిసింది ఇద్దరికే. మూడింట రెండొంతుల మందికి ఆ దినం కంటి ప్రెషర్ 22 కంటే తక్కువనే ఉన్నది, అంటే మామూలు లెక్కలనే.

చుక్కలకు ముందు జేసే పని గూడ ఉంటది. టార్చి ఈ కంటికోసారి ఆ కంటికోసారి కొడ్తరు. ఒక కంటి నరం ఎక్కువ దెబ్బతింటే, ఆ కంటి మీదికి లైటు రాంగనే పాపలు ముడుసుకునుడు పోయి పెద్దగైతయ్. చుక్కలు పడ్డంక ఆ తేడా దొరకది. ఇంకొకటి, కొందరికి కంటి లోపలి మూల ఇరుకుంటది. అసోంటోళ్లకు చుక్కలేస్తే ప్రెషర్ ఒక్కపారి పెరగొచ్చు. అందుకే మూల చూసినంకనే ఏస్తరు. ఇంటికొచ్చినంక కన్ను ఎర్రగై, బాగ నొస్తూ, వాంతులైతే పొద్దుగాల దాక ఆగొద్దు, అప్పుడే ఉరకాలె.

మసక నిజమే. నాలుగైదు గంటలు దగ్గరియి కనవడయ్, ఎండ గుచ్చుతది. నల్లద్దాలు, ఎంబడి ఒక మనిషి ఉంటే అయిపోతది. బాపు ఒంటిగ పోయిండు, మా తప్పు గదే.

పోయిన చూపు మర్లి రాదన్నరు. ఉన్నది నిలవెట్టెతందుకు ఆయిన రోజూ రాత్రి ఇంకో తీరు చుక్కలు ఏసుకుంటుండు. తల్లిదండ్రులకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. పోయినారం నేను చూపించుకున్న, అన్న బండి నడిపిండు. ఈ వారం అన్న వంతు, బండి నాది.