గడ్డి పోతే మట్టిలోని జీవులేమవుతాయి?

టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,000 మీటర్ల పైనే. అక్కడి చలికి చచ్చిన వేళ్లు త్వరగా కుళ్లవు. అందుకే వేల ఏళ్లుగా కర్బనం మట్టిలోనే పోగుపడింది. దానిమీద గడ్డివేళ్లు దట్టమైన చాపలా అల్లుకుని ఉంటాయి.

జడలబర్రెలు మరీ ఎక్కువగా మేసినా, నేల వేడెక్కి ఎండినా ఆ చాప చిరుగుతుంది. బోడిపడిన అలాంటి చోటును చైనాలో 'నల్లమట్టి నేల' అంటారు.

మరి సూక్ష్మజీవులో? వాటికి వంటిల్లు వేళ్లే! వేళ్లు వదిలే చక్కెరలే వాటిలో చాలావాటికి ముఖ్యమైన తిండి. అది ఆగితే చాలా జీవులు తగ్గిపోతాయి, వేళ్లతో చెలిమి చేసే శిలీంధ్రాలకు ఆసరా ఉండదు. అరకొర తిండితో నెట్టుకొచ్చే బాక్టీరియాదే పైచేయి అవుతుంది. మట్టిలోని పాత కర్బనం కుళ్లి, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది.

విత్తనాలు చల్లితే కొన్నేళ్లలో పచ్చదనం తిరిగి రావచ్చు. మట్టిలోని జీవులు కోలుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.