పాత కారు పరీక్ష

పలనాటి రైతు సంతలో ఎద్దును కొనునపుడు తొందరపడడు. మొదట దాని నోరు తెరిపించి పండ్లు చూచును. రెండు పండ్ల కోడెయో, ఆరు పండ్లదో, కడపండ్లు కూడ వచ్చినవో తెలిసికొని వయస్సు నిర్ణయించును. పిదప నాలుగడుగులు నడిపించి కాలు ఎట్లు వేయుచున్నదో గమనించును. కాడి రాపిడికి మెడ కాయ కాచినదేమో తడిమి చూచును. సుడులను గూర్చి పెద్దలు చెప్పు మాట ఎట్లున్నను, పండ్లు మాత్రము అబద్ధమాడవు. అమ్మువాడు ఎన్ని ప్రమాణములు చేసినను, నోరు చూడక రైతు రూపాయి చేతబెట్టడు.

ఆ రైతే నేడు నరసరావుపేటలోనో మాచర్లలోనో వాడిన కారును కొనబోవునపుడు ఆ జాగ్రత్తను మరచుచున్నాడు. మెరయుచున్న రంగును చూచి, మీటరుపై అంకెను చదివి బేరమునకు దిగుచున్నాడు. మిరప పంటపై ఏడాదంతయు శ్రమపడి కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో చేతులు మారును. ముసలితల్లిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా గురజాల దారిలో బండి నిలిచిపోయిననాడు గాని తాను కొన్నదేమో అతనికి తెలియదు.

మన దేశమున పాత కార్ల అంగళ్లలో విరివిగా కనబడునవి జపాను దేశపు సుజుకీ వంశమునకు చెందిన చిన్న కార్లు. ఈ సంస్థ 1909లో హమమత్సు పట్టణమున మిచియో సుజుకీ స్థాపించిన మగ్గముల కర్మాగారముగా పుట్టినది. 1955లో 360 సి.సి. ఇంజనుతో సుజులైటు అను చిన్న కారును వెలువరించెను. 1982లో మన ప్రభుత్వ సంస్థయగు మారుతీ ఉద్యోగుతో ఒడంబడిక కుదిరెను. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి మారుతీ 800 ఢిల్లీలో కొనుగోలుదారునకు అందెను. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను గల ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినను, దాని తరువాత వచ్చిన ఆల్టో, వ్యాగనార్, స్విఫ్టు కార్లు ప్రతి పల్లెలోను తిరుగుచున్నవి.

జపాను కార్లకు గట్టివను పేరు ఊరక రాలేదు. యుద్ధానంతరము ఆ దేశపు సరకు నాసిరకమని లోకము తలచుచుండెడిది. 1950లో అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు డెమింగ్ అక్కడికి వెళ్లి, తయారైన వస్తువులలో చెడ్డవానిని ఏరివేయుటకంటె, తయారీలోనే తప్పు పుట్టకుండ లెక్కలతో కనిపెట్టుట మేలని బోధించెను. ఆ దేశపు ఇంజనీర్లు ఆ మాటను పట్టుకొనిరి. 1951లోనే ఆయన పేర ఒక బహుమతిని నెలకొల్పిరి.

అయినను జాతి వేరు, ఎద్దు వేరు. ఒంగోలు జాతి లోకప్రసిద్ధమే. కాని మేత లేక, మితిమీరిన బరువులు లాగి డస్సిన ఎద్దును జాతి పేరు కాపాడదు. సంస్థకు గల పేరు వేలకొలది బండ్ల సగటును బట్టి వచ్చినది. మన యెదుట నిలిచినది ఒక్క బండి. దానిని ఏలినవారెవరు, ఎట్లు ఏలిరి అనునదే ప్రశ్న.

కారుకును పండ్లు కలవు. టైరు ప్రక్కన ముద్రింపబడిన నాలుగంకెలు అట్టివి. 3219 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరము 32వ వారమున తయారైనదని అర్థము. సామాన్యముగా టైర్లు సుమారు 40,000 కిలోమీటర్లు నడచును. 2019 నాటి కారు మీటరుపై 20,000 మాత్రమే యుండి, నాలుగు టైర్లును 2023 నాటివైనచో, అంత త్వరగా ఎందుకు మార్చిరని అడుగవలెను. మీటరును వెనుకకు త్రిప్పుట కష్టము కాదు. బ్రేకు, క్లచ్చి పెడళ్ల రబ్బరు అరుగుదలను, స్టీరింగు చక్రముపై చేతుల నునుపును త్రిప్పుట ఎవరి వశము కాదు.

ఇంజనును చల్లగా నున్నపుడే చూడవలెను. కొనువాడు వచ్చుసరికే అమ్మువాడు బండిని వేడిచేసి యుంచినచో అనుమానింపవలెను. ఉదయపు మొదటి స్టార్టులో నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నదని తెలియును. నల్లపొగ పెట్రోలు ఎక్కువ మండుచున్నదని తెలుపును. తెల్లపొగ ఎంతసేపటికిని ఆగకున్న, నీరు సిలిండరులోనికి చొరబడుచున్నదేమో చూడవలెను. ఆయిలు మూత లోపల మజ్జిగవంటి తెల్లని జిగురున్నచో ఆ శంక బలపడును. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటను ప్రసిద్ధములు. ఆ ఎండలో నీరు తగ్గిన రేడియేటరుతో ఒక్కసారి నడిపినను సిలిండరు హెడ్డు వంగిపోవచ్చును. (వేడిగా నున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు, మరుగు నీరు ముఖముపైకి చిమ్మును.) పిడుగురాళ్ల సున్నపు బట్టీల దారులలో తిరిగిన బండికి గాలి ఫిల్టరును విప్పి చూచుట మరువరాదు. చినిగిన ఫిల్టరు ద్వారా పోయిన దుమ్ము సిలిండరు గోడలను ఆకురాయివలె అరుగదీయును.

నడిపి చూచుటకు కోటప్పకొండ ఘాటు రోడ్డుకంటె మంచి చోటు లేదు. ఎక్కునపుడు ఇంజను హోరు పెరిగి వేగము పెరుగనిచో క్లచ్చి అరిగినది. దిగునపుడు బ్రేకు నొక్కగా బండి ఒక ప్రక్కకు లాగినచో కారణము వెదకవలెను. గుద్దుకొని లప్పము పూసిన రేకును కనుగొనుటకు గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతము చాలును. లప్పము దట్టముగా నున్నచోట అది అంటుకొనదు.

నీట మునిగిన కార్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో అనేక వాహనములు మునిగెను. అట్టి బండి కడిగి తుడిచినపుడు కొత్తదివలె కనబడును. కొన్ని నెలలకు వైర్ల కొనలు చిలుమెక్కి ఒక్కొక్కటిగా చెడును. సీటు బెల్టును చివరివరకు లాగిన బురద చార, కాళ్లక్రింది తివాచీ ఎత్తిన సీటు బోల్టుల తుప్పు, అదనపు చక్రము గుంటలోని ఒండ్రు దాని చరిత్రను చెప్పును.

ఇక కాగితములు. ఆర్.సి.పై ఛాసిస్ నంబరును బండిపై చెక్కిన నంబరుతో అంకె అంకెకు సరిచూడవలెను. అప్పుపై కొన్న బండియైనచో ఫారము 35 ద్వారా తాకట్టు రద్దుచేయింపవలెను. మాచర్ల తెలంగాణకు సరిహద్దు గనుక టి.ఎస్., టి.జి. నంబర్ల బండ్లును అమ్మకమునకు వచ్చును. వానికి ఆ రాష్ట్రపు అధికారి నుండి నిరభ్యంతర పత్రము కావలెను; ఇక్కడి పన్నును కలుపుకొనక వెల చౌకయని మురియరాదు. రాష్ట్రములోనే చేతులు మారిన బండి సంగతి అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది.

ఇది కొన్నవాని కష్టము మాత్రమే కాదు. చేతులు మారిన ఒక కారు ప్రమాదము చేసిన వ్యాజ్యమున, ఆర్.సి.లో పేరున్నవాడే చట్టము దృష్టిలో యజమాని యనియు, నష్టపరిహారము అతడే చెల్లింపవలెననియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందుచే తెలిసిన అమ్మకందారు, కొనువాడు అడుగకమునుపే ఫారము 29పై సంతకము చేసి, దాని నకలును తన పెట్టెలో దాచుకొనును.