పునాది త్రవ్వకముందే వాననీటికి దారి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరకే అనలేదు. గోదాము కాని, రైసుమిల్లు కాని, కోళ్ళ షెడ్డు కాని కట్టడానికి పూనుకొన్న వ్యక్తి ఎన్ని లెక్కలు వేసుకొంటాడో క్షేత్రాధికారులమైన మాకు బాగా తెలుసు. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని క్వింటాళ్ళు, ఇసుక ఎన్ని ట్రాక్టర్లు, మేస్త్రీ కూలి ఎంత, బ్యాంకు ఇచ్చేది ఎంత, చేతి నుండి పెట్టుకోవలసినది ఎంత అన్నీ అంచనా పత్రంలో ఉంటాయి. కాని ఆ పత్రంలో సాధారణంగా కనిపించని పద్దు ఒకటున్నది. నేల త్రవ్విన నాటి నుండి కప్పు పడే నాటి వరకు ఆ స్థలంలో కురిసే వాన ఎటు పోతుంది, పోతూ పోతూ తనతో ఏమి తీసుకుపోతుంది అన్నదే ఆ పద్దు.

ఈ విషయం పట్టణాలలో పెద్ద భవనాలు కట్టేవారిది, మనకెందుకు అని మీరనుకోవచ్చు. కాని కేంద్ర ప్రభుత్వం 2020లో వ్యవసాయ మౌలిక వసతుల నిధిని ప్రారంభించి, 2 కోట్ల రూపాయల వరకు రుణాలపై 3 శాతం వడ్డీ రాయితీ కల్పించిన పిమ్మట గోదాములు, శీతల గిడ్డంగులు, ధాన్యం శుద్ధి కేంద్రాలు పల్లెల్లో విరివిగా వెలుస్తున్నాయి. వీటికి ఎన్నుకొనే స్థలం ఎటువంటిది? లారీ వచ్చిపోవడానికి అనువుగా రోడ్డు ప్రక్కన, నీరు నిలవని మెట్ట మీద ఉండేది. మెట్ట అంటే పల్లంలోని చెరువుకు ఎగువ అన్న సంగతి మాత్రం మనకు గుర్తు రాదు.

కదిలిన మట్టి బరువెంత?

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిపై 25 మిల్లీమీటర్ల వాన, అనగా ఒక అంగుళం వాన కురిస్తే లక్ష లీటర్ల నీరు పడినట్లు. వాతావరణ శాఖ 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటిన వానను భారీ వర్షం అంటుంది. అంతటి వాన ఎకరానికి 2 లక్షల 60 వేల లీటర్ల నీటిని కుమ్మరిస్తుంది. గడ్డి, చెట్టు ఉన్న నేల ఇందులో కొంత పీల్చుకొని, మిగిలిన నీటిని మెల్లగా వదలుతుంది. జేసీబీతో చదును చేసి, లారీ చక్రాలతో గట్టిపడిన బోసి నేలకు ఆ ఓపిక ఉండదు. పడిన నీరు పడినట్లే పరుగెత్తుతుంది, పైనున్న వదులు మట్టిని వెంటబెట్టుకొని పోతుంది.

ఆ ఎకరం మీద నుండి ఒక్క సెంటీమీటరు మందం మట్టి కొట్టుకుపోయినదనుకొందాం. కంటికి అది పెద్దగా ఆనదు. కాని లెక్క వేస్తే 40 ఘనపు మీటర్లు. ట్రాక్టరు తొట్టికి 100 ఘనపుటడుగుల చొప్పున 14 ట్రాక్టర్ల మట్టి! 14 ట్రాక్టర్ల మట్టిని తెచ్చి ఊరి చెరువులో దింపడానికి ఎవరైనా వస్తే మీరు ఊరుకొంటారా? వాన అదే పని చేస్తే మాత్రం ఎవరికీ కనిపించదు.

మన దేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కోతకు గురవుతున్నదని, హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా పోతున్నదని 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అందులో సుమారు 10 శాతం జలాశయాలలో చేరి వాటి సామర్థ్యాన్ని తగ్గిస్తున్నదని కూడా తేల్చారు. సాగు భూమి నుండి పోయే మట్టి కంటె కట్టడపు స్థలాల నుండి 10 నుండి 20 రెట్లు మట్టి పోతుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పేర్కొన్నది. స్థలం చిన్నదే, కాలం కొద్దిదే, కాని నష్టం మాత్రం పెద్దది.

చెరువుకు జరిగేదేమి?

కొట్టుకువచ్చిన మట్టిలో ముతక ఇసుక వరద కాలువలోనే ఆగి దానిని మెరక చేస్తుంది. సన్నని బంకమట్టి కట్ట దాకా వెళ్ళి తూము ముందు పేరుకొంటుంది. చూడబోతే చెరువు నిండుగానే ఉంటుంది, అలుగు కూడా పారుతుంది. కాని నిండినది నీటితోనా, మట్టితోనా అన్నది మాఘమాసంలో తెలుస్తుంది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఇవ్వవలసిన ఆఖరి తడికి నీరు చాలదు. ఆ ఆయకట్టులో మీ పొలమూ ఉండవచ్చు. మీ మిల్లుకు ధాన్యం తోలే రైతు పొలం తప్పక ఉంటుంది.

చెరువు మట్టి పొలానికి బలం కదా అని కొందరు వాదిస్తారు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ క్రింద పూడిక తీసినపుడు రైతులు ఆ ఒండ్రును తమ చేలకు తోలుకొన్న మాట నిజమే. అయితే పైమట్టి, ఆకు అలము, పేడ ఏండ్ల తరబడి చేరి తయారైన ఒండ్రు వేరు, పునాది గుంటల అడుగు నుండి వచ్చిన చౌడు, గరప వేరు. పైగా కట్టడపు నీటిలో సిమెంటు కలిసి ఉంటుంది. సిమెంటు కడిగిన నీటి ఉదజని సూచిక 12 దాటుతుంది, అనగా సున్నపు నీటి వంటి ఘాటైన క్షారం. అది చేపకూ పనికిరాదు, పశువుకూ పనికిరాదు. మట్టి కలిసిన నీటిలో ఎండ లోపలికి దిగదు కావున చేపలకు మేతయైన పాచి పెరగదు, మొప్పలు పూడి చేపకు ఊపిరి ఆడదు. చెరువును పాటకు తీసుకొన్న మత్స్య సహకార సంఘానికి అది నేరుగా తగిలే దెబ్బ.

దిగువన పట్టుకోవడం కంటె ఎగువన ఆపడం మేలు

నిలిచిన నీటిలో సన్నని ఇసుక రేణువు ఒక మీటరు లోతు దిగడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఒండ్రు రేణువుకు కొన్ని గంటలు పడుతుంది. బంకమట్టి రేణువుకో, రోజుల తరబడి కాలం కావలెను. నల్లరేగడి నేలలలో ఉండేది ఎక్కువగా ఈ బంకమట్టియే. కావున ఒకసారి నీటిలో కలిసిన నల్లమట్టిని తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. మట్టి కదలకుండా చూడడమే అసలు ఉపాయం. గుంటలు, కంచెలు ఆ తరువాతి రక్షణ మాత్రమే.

చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు ఈ పాఠమే నేర్పింది. 1958లో ఒక వాగుకు అడ్డకట్ట వేసి నిర్మించిన ఆ సరస్సు శివాలిక్ కొండల నుండి వచ్చిన మట్టితో వేగంగా పూడిపోసాగింది. ఆ మట్టి ఎక్కడిదని వెదకిన నేల, నీటి సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా, ఆయన సహచరులు 1970లలో ఎగువనున్న సుఖోమాజ్రి గ్రామం చేరారు. విచ్చలవిడి మేతతో అక్కడి వాలులు బోసిపోయి ఉన్నాయి. చిన్న మట్టి కట్టలు వేసి, ఆ నీరు గ్రామస్థుల పైరుకే అందేటట్లు చేసిన పిమ్మట వారే పశువులను కొండ మీదికి తోలడం మానుకొన్నారు. గడ్డి మొలిచింది, సరస్సుకు చేరే మట్టి తగ్గింది. అక్కడ సమస్య పశువుల మేత, ఇక్కడ కట్టడం. కాని ఎగువ వాడికి లాభం కనిపించినపుడే దిగువ చెరువు బాగుపడుతుందన్న సత్యం రెండింటికీ ఒక్కటే. మరి కట్టేవానికి ఇందులో లాభమేమి? పునాది గుంటలు కూలవు, ఇసుక గుట్ట కరిగిపోదు, లారీ బురదలో దిగబడదు, పని ఆగదు. పని ఆగిన దినాలకు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

ప్రణాళిక ఎట్లు వేసుకోవలెను?

మొదటిది కాలం. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ 1 నాటికి కేరళను తాకి, జూన్ ప్రథమార్ధంలో మన ప్రాంతాలకు విస్తరిస్తాయి. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. కావున నేల చదును, పునాది పనులు సంక్రాంతి తరువాత మొదలుపెట్టి, మృగశిర కార్తె నాటికి పునాదులు పూడ్చి పీఠం లేపడం ఉత్తమం. రుణానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో కూడా ఈ లెక్కను బట్టే నిర్ణయించుకోండి.

రెండవది వాలు. ఒక కాగితం మీద స్థలం గీసి, నీరు ఎటు నుండి వచ్చి ఎటు పోతున్నదో బాణపు గుర్తులు వేయండి. దగ్గరి వాగు, బావి, వరద కాలువ, చెరువు శిఖం గుర్తించండి. ఇందుకు ఇంజనీరు అవసరం లేదు. ఒక వానలో గొడుగు వేసుకొని నిలబడితే చాలు.

మూడవది పైనీరు. మీ స్థలానికి ఎగువనున్న చేల నీరు త్రవ్విన నేల మీదుగా పారకూడదు. ఎగువ అంచున చిన్న గట్టు వేసి, దాని ప్రక్కన కాలువ తీసి, ఆ శుభ్రమైన నీటిని చుట్టూ తిప్పి పాత దారిలోనే వదలండి. పొరుగు వాని చేనిలోకి మళ్ళిస్తే సమస్య తీరదు, తగవు పుడుతుంది.

నాలుగవది కప్పు. కట్టేది పావు ఎకరమైతే ఎకరమంతా గీకవద్దు. అవసరమైనంత మేరకే, అవసరమైనపుడే త్రవ్వండి. పైమట్టిని విడిగా కుప్ప వేసి కాపాడండి, చివర చెట్లు నాటడానికి అదే ఆధారం. రెండు మూడు వారాలు పని జరగని భాగంపై వరిగడ్డి పరచండి. ఎకరానికి 2 టన్నుల గడ్డి సరిపోతుంది. గాలికి లేవకుండా త్రాళ్ళు కట్టండి. నెలల తరబడి ఖాళీగా ఉండే చోట జనుము చల్లండి. నిటారు వాలు ఉన్నచోట కోనసీమలోనూ దొరికే కొబ్బరి పీచు వల పరచి, వట్టివేరు పిలకలు వరుసగా నాటితే వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి.

అయిదవది దిగువ అంచు. అక్కడ వాలుకు అడ్డంగా గట్టి బట్టతో కంచె కట్టి, దాని అడుగును అర అడుగు లోతు గాడిలో పూడ్చండి. పూడ్చని కంచె క్రింద నుండి నీరు దూసుకుపోతుంది. 100 అడుగుల కంచె పావు ఎకరం నీటికి మించి తట్టుకోలేదు. అంతకు మించిన స్థలానికి మట్టి దిగే గుంట త్రవ్వవలెను. ఎకరానికి 3,600 ఘనపుటడుగుల గుంట ఉండవలెనన్నది అమెరికాలో పాటించే కొలత. ఆ లెక్కన అర ఎకరానికి 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు చాలు. నీరు ఒక కొసన ప్రవేశించి రెండవ కొసన రాళ్ళు పేర్చిన అలుగు మీదుగా పోవలెను. పిల్లలు పడకుండా చుట్టూ కంచె వేయడం మరువకండి.

ఆరవది నిర్వహణ. ప్రతి వాన తరువాత ఒక మనిషి చుట్టూ తిరిగి చూడవలెను. కంచె ఎత్తులో మూడవ వంతు మట్టి చేరితే తీసివేయండి. గుంట సగం పూడితే తోడించండి. కాంక్రీటు మిల్లరు, తట్టలు, పారలు కడిగే చోటు వాగుకు, బావికి దూరంగా పట్టా పరచిన చిన్న గుంటలో ఏర్పాటు చేయండి. బయటికి వెళ్ళే దారిలో కంకర పరిస్తే లారీ చక్రాల మట్టి రోడ్డు మీదికి రాదు.

అమ్మకందారులకు ఒక మాట

ఇసుక, కంకర, సిమెంటు అమ్మేవారికి కూడా ఇందులో పాత్ర ఉన్నది. రోడ్డు ప్రక్క కాలువ గట్టు మీద ఇసుక రాశి పోయడం మనకు అలవాటు. ఒక పెద్ద వానకు అందులో కొంత కాలువ పాలవుతుంది, కాలువ పూడి నీరు రోడ్డెక్కుతుంది. పోయినది మీ సరుకే. రాశిని కాలువకు ఎడంగా పోయించి, చుట్టూ ఇటుకల వరుస పేర్చి, పైన టార్పాలిను కప్పండి. కొనుగోలుదారునికి ఒకేసారి దింపక పని జరిగే కొద్దీ విడతలుగా పంపండి. పట్టా, గోనెసంచులు, పీచు వల మీ దుకాణంలోనే ఉంచితే అది మీకు మరొక వ్యాపారం.

చట్టం, ఖర్చు

జల కాలుష్య నివారణ చట్టం 1974 లోని 24వ సెక్షను కాలుష్య పదార్థాలను తెలిసి వాగులలోకి, బావులలోకి వదలడాన్ని నిషేధిస్తున్నది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం ముందస్తు అనుమతి కావలసినది 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాలకు. మీ గోదాము అంత పెద్దది కాకపోవచ్చు. కాని అనుమతి అక్కరలేనంత మాత్రాన బాధ్యత తప్పదు. చెరువు నిండడానికి చిన్న స్థలాలు పది చాలు.

ఖర్చు సంగతికి వస్తే, గట్టు, కాలువ, గుంటలకు కావలసిన జేసీబీ ఎలాగూ మీ స్థలంలో ఉంటుంది. మొదటి రోజే చెబితే కొన్ని గంటల పని, వాన వచ్చాక పిలిస్తే వేరే కిరాయి. గడ్డి మీ కళ్ళంలోనే ఉన్నది. పని ముగిశాక పూడిక తీసిన గుంటనే కప్పు నీటిని భూమిలోకి ఇంకించే గుంటగా వాడుకోవచ్చు. బోరుకు అది మేలు.

రుణానికి మా శాఖకు వచ్చేటపుడు అంచనా పత్రంతో పాటు ఇంకొక్క కాగితం తీసుకురండి. అందులో నాలుగు సంగతులు చాలు: నీరు వచ్చే దారి, పోయే దారి, మట్టి ఆపే ఏర్పాటు, ప్రతి వాన తరువాత దానిని చూసే మనిషి పేరు. అందుకయ్యే ఖర్చును కూడా అంచనాలో ఒక పద్దుగా వేయించండి. ఇసుకకు, ఇనుముకు లెక్క ఉన్నపుడు నీటికీ ఒక లెక్క ఉండవలెను. ఆ కాగితం పునాది గుంట మొదలుకాక ముందే రావలెను. మొదటి వాన పడిన తరువాత అది కాగితమే అవుతుంది, ప్రణాళిక కాదు.